తెలుగు చలనచిత్రములలో స్త్రీ స్వాతంత్ర్యము - పురుషాధికారము

మన ఆలంకారికులు నాయకులను ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని నాలుగు విధములుగా విభజించిరి. ఈ విభాగమునకు ఆధారము నాయకుని స్వభావము. అతడెట్టివాడో చెప్పుటకు మరియొకరి ప్రసక్తి అవసరము లేదు. నాయికల యొద్దకు వచ్చునప్పటికి పద్ధతి మారినది. స్వాధీనపతిక, వాసకసజ్జిక, విరహోత్కంఠిత, విప్రలబ్ధ, ఖండిత, కలహాంతరిత, ప్రోషితభర్తృక, అభిసారిక అను ఎనిమిది పేర్లను వరుసగా చదివినచో ఒక సంగతి స్పష్టమగును. ఇవి ఆమె స్వభావములు కావు. నాయకుడు వచ్చినాడా, రాలేదా, ఎచ్చటినుండి వచ్చినాడు, ఎప్పుడు పోయినాడు అను ప్రశ్నలకు ఇవి సమాధానములు. స్వాధీనపతిక అను పేరు వినుటకు గంభీరముగనే యుండును గాని, ఆ పేరునందును చెప్పబడినది పతి యొక్క వశ్యతయే. ఆమెకు తన జీవితముపై గల అధికారము కాదు. ఇది శృంగార రస నిరూపణకై ఏర్పడిన విభాగమనియు, దీనినుండి సమాజ విషయములను లాగరాదనియు పెద్దలందురు. ఆ మాట నేనును కొంతవరకు ఒప్పుకొందును. కాని ఇరువదవ శతాబ్దమున పుట్టిన ఒక నూతన కళ, శాస్త్రగ్రంథములతో పరిచయము లేనివారి చేతులలో పెరిగిన కళ, అదే పద్ధతిని అంత నిష్ఠగా ఏల పాటించినది అను ప్రశ్న మిగిలియే యున్నది.

ఈ ప్రశ్న నాకు గ్రంథములనుండి కలిగినది కాదు. కొన్ని సంవత్సరముల క్రిందట స్నాతకోత్తర విద్యార్థులకు నాటక సాహిత్యమును బోధించుచు, సంభాషణా రచనకు ఉదాహరణముగా చక్రపాణి రచనయైన 'మిస్సమ్మ' చిత్రమును ప్రస్తావించితిని. హాస్య సన్నివేశముల కూర్పును, మాటల పొదుపును వివరించి ముగించిన పిమ్మట వెనుక బల్లలో కూర్చున్న ఒక విద్యార్థిని లేచి, "సార్, ఇంతకూ చివరకు మేరీ ఉద్యోగం ఏమైంది?" అని అడిగినది. తరగతి నవ్వినది. నేనును నవ్వితిని. ఇంటికి పోవుచు ఆలోచించితిని. ఆ నవ్వు నాకు తగినది కాదనిపించినది. ఆ చిత్రమును నేను చిన్ననాటినుండి ఎన్ని పర్యాయములు చూచితినో లెక్క లేదు. ఆ ప్రశ్న మాత్రము నాకెన్నడును తోచలేదు.

స్వాతంత్ర్యము అను పదమును మనము రాజకీయార్థమున వాడి వాడి దాని మూలార్థమును మరచితిమి. తనపై తనకే తంత్రము గల స్థితి స్వాతంత్ర్యము. మనుస్మృతి నవమాధ్యాయమున స్త్రీకి బాల్యమున తండ్రిని, యౌవనమున భర్తను, వార్ధకమున పుత్రులను రక్షకులుగా నియమించి, స్వాతంత్ర్యము లేదని చెప్పబడినది. అచ్చట నిషేధింపబడినది విద్య గాని, సంపాదన గాని, బయట తిరుగుట గాని కాదు. తన విషయమున తానే తుది నిర్ణయము చేయుట. కావున ఒక చిత్రమున నాయిక పట్టభద్రురాలా, ఉద్యోగినియా, మోటారు నడుపునా అని చూచి ఆమె స్వతంత్రురాలని తీర్మానించుట తొందరపాటు. ఆ చిత్రమున తుది నిర్ణయమెవరిదో చూడవలెను. అంతకంటె ముందు, నిర్ణయమునకు ఆధారమైన విషయమెవరికి తెలిసియున్నదో చూడవలెను. ఈ రెండవది విమర్శకులు అంతగా పట్టించుకొననిది. నా వ్యాసమంతయు దాదాపు దానిపైననే ఆధారపడియున్నది.

తొలి సాంఘిక చిత్రములు ఈ విషయమున వెనుకబడినవి కావు. 1938లో గూడవల్లి రామబ్రహ్మము తీసిన 'మాలపిల్ల'కు కథ నిచ్చినవాడు చలము. 1939లో సి. పుల్లయ్య దర్శకత్వమున వచ్చిన 'వరవిక్రయము' కాళ్లకూరి నారాయణరావు నాటకమునకు చలనచిత్ర రూపము. 1940లో బి. ఎన్. రెడ్డి వితంతు వివాహ సమస్యను 'సుమంగళి'లో చేపట్టెను. ఈ మూటిలో మన ప్రస్తుత విషయమునకు మిక్కిలి దగ్గరైనది 'వరవిక్రయము'. కట్నమిచ్చి తనకు వరుని కొనుటను సహింపలేక కాళింది ప్రాణత్యాగము చేయును. భానుమతి తెరపై తొలిసారి కనబడినది ఆ పాత్రలోనే. కాళింది చెల్లెలు కమల అట్లు చేయదు. ఆమె అదే వరుని పెండ్లాడి, అత్తవారింటికి పోనని భీష్మించును. డబ్బిచ్చి కొన్నది మేము గనుక కొనబడినవాడే మా యింటికి రావలెనని వాదించును. మామగారైన సింగరాజు లింగరాజు లోభి. లోభమునకు తగిన న్యాయము ఆతని మెడకే చుట్టుకొనును. ఈ వాదమునందలి బలమెచ్చట నున్నది? కమల కొత్త ధర్మమును దేనిని ప్రతిపాదింపలేదు. పురుషులు ఏర్పరచుకొన్న బేరపు నియమమునే చేత బట్టుకొని, దానిని చివరి యక్షరము వరకు అమలు జరుపుమన్నది. కథలో బేరమున కర్థము పూర్తిగా తెలిసినది ఆమెకే. తరువాతి ముప్పది సంవత్సరముల చిత్రములలో ఇట్టి నాయిక మరల కనబడుట చాల అరుదు.

'మిస్సమ్మ' 1955 జనవరిలో విడుదలయైనది. విజయా సంస్థ నిర్మించిన ఈ చిత్రమునకు దర్శకుడు ఎల్. వి. ప్రసాద్. మూలము రవీంద్రనాథ మైత్రా వ్రాసిన బెంగాలీ హాస్య నాటకము 'మన్మయీ గర్ల్స్ స్కూల్'. కథ అందరెరిగినదే యైనను కొన్ని అంశములను జ్ఞాపకము చేయక తప్పదు. మేరీ క్రైస్తవ యువతి, పట్టభద్రురాలు, నిరుద్యోగిని. ఆమె కుటుంబము డేవిడ్ అనువానికి అప్పుపడియున్నది. ఆ అప్పును చూపి అతడామెను పెండ్లాడవలెనని వేధించుచుండును. అప్పాపురములోని పాఠశాలకు పట్టభద్రులైన దంపతులు కావలెనని ప్రకటన వెలువడును. ఎం. టి. రావు అను మరియొక నిరుద్యోగితో కలిసి, భార్యాభర్తలుగా నటించుటకు ఒడంబడిక చేసికొని, ఆమె ఉద్యోగమున చేరును.

ఈ ప్రకటనను ఒక్క క్షణము నిలిచి చదువుడు. పాఠశాలకు ఉపాధ్యాయులు కావలెను. వారు దంపతులై యుండవలెను. చదువున్నను, బోధింపగల శక్తి యున్నను, ఆమె భార్య యైనగాని ఆ జీతమునకు అర్హురాలు కాదు. ఈ నిబంధన రావునకును వర్తించును గదా అనవచ్చును. వర్తించును. కాని రావునకు పెండ్లి లేకున్న ఆ ఉద్యోగ మొక్కటే లేకుండ పోవును. మేరీకి దానితో డేవిడ్ బారినుండి తప్పించుకొను మార్గమే పోవును. ఒకే నిబంధన ఇరువురిపై రెండు విధముల బరువుతో పడినది. చక్రపాణి దీనిని ఉపన్యాసముగా చెప్పలేదు. కథకు ముడిగా వేసెను. హాస్యమునకు ఇంతటి సామర్థ్యము గలదని తెలిసిన రచయితలు మనలో చాల తక్కువ.

ఇక ముడి విప్పుట. పాఠశాల యజమానియైన జమీందారు గోపాలమునకు చాల యేండ్ల క్రిందట తప్పిపోయిన పెద్ద కూతురు మహాలక్ష్మి. ఆ పాఠశాల ఆమె పేరిటనే నడచుచుండును. ఆయన మేనల్లుడు రాజు డిటెక్టివ్ పనిపై మోజుగలవాడు. వాని పరిశోధనము వలన మేరీయే మహాలక్ష్మి యని తేలును. ఎస్. వి. రంగారావు, ఋష్యేంద్రమణి అచ్చట చూపిన వాత్సల్యమునకు కన్ను చెమర్చని ప్రేక్షకుడుండడు. ఆ కన్నీటిలో ఒక లెక్క కొట్టుకొనిపోయినది. మేరీ జీతము తెచ్చుకొన్న పాఠశాల ఆమె పేరిటి పాఠశాలయే; ఆమెకు జీతమిచ్చినవాడు ఆమె తండ్రియే. ఉద్యోగిని యజమాని కూతురైనది. కూతురునకు తండ్రి జీతమిచ్చునా? మతము పోయినది, పేరు పోయినది, అప్పు పోయినది, వానితో ఉద్యోగమును పోయినది. నటనగా మొదలైన దాంపత్యము నిజమగుటయే ఫలశ్రుతి. నా విద్యార్థిని అడిగిన ప్రశ్నకు చిత్రములో సమాధానము లేదు, ఆ ప్రశ్న పుట్టుటకు వీలైన చోటునే కథ తుడిచివేసినది గనుక.

ఇందులో మరియొక విశేషము గలదు. ఆమె యెవరో ఆమెకు తెలియదు. రాజు కనుగొనును. తలిదండ్రులు గుర్తించును. ఆమె పుట్టుకను గూర్చిన సత్యము ఇతరుల పరిశోధనకు విషయము. ఆమెకు అది చివర అందింపబడు వార్త. దీనికి ఎదురుగా అదే 1955లో, ఆగస్టులో, అదే నటి పోషించిన మరియొక పాత్రను నిలిపి చూడుడు. పి. పుల్లయ్య తీసిన 'కన్యాశుల్కము'లో సావిత్రి మధురవాణి. గురజాడ సృష్టించిన పాత్రలలో అందరి రహస్యములును తెలిసినది మధురవాణి ఒక్కతెయే. గిరీశము సంగతి, రామప్ప పంతులు సంగతి, లుబ్ధావధాన్లు పెండ్లి సంగతి ఆమెకు తెలియును. ఆమె మనసులోని సంగతి వారికి తెలియదు. అందువలననే ఆ నాటకమున కార్యమును నడపు శక్తి ఆమెకు వచ్చినది. దానికి ఆమె చెల్లించిన వెల యేమి? కుటుంబమునకు వెలుపల నుండుట. ఇంటిలోని స్త్రీయైన బుచ్చమ్మకు ఏమియు తెలియదు. ఇంటి బయటి స్త్రీకి అంతయు తెలియును. ఒకే నటి, ఒకే సంవత్సరము, తెలియని స్త్రీగను తెలిసిన స్త్రీగను మనకు కనబడినది. తెలియని స్త్రీ మనకు ఆదర్శ గృహిణియైనది. మధురవాణిని మెచ్చుకొంటిమి గాని మన యింటి పిల్లకు ఆమె పేరు పెట్టుకొనలేదు.

1962లో వచ్చిన 'గుండమ్మ కథ' విషయమున నా అభిప్రాయము కొందరు మిత్రులకు రుచింపదు. కమలాకర కామేశ్వరరావు దర్శకుడు, సంస్థ విజయాయే. మూలము కన్నడములో విఠలాచార్య తీసిన 'మనె తుంబిద హెణ్ణు'. తెలుగువారికి ఇంతకంటె ప్రీతిపాత్రమైన హాస్య చిత్రము లేదనుట అతిశయోక్తి కాదు. నాకును అది ప్రియమైనదే. గుండమ్మ ధనవంతురాలైన వితంతువు. ఆస్తి ఆమె చేతిలో నున్నది, తాళపుచెవులు ఆమె నడుమున నున్నవి. సవతి కూతురు లక్ష్మిని దాసివలె వాడుకొనును, సొంత కూతురు సరోజను గారాబముతో చెడగొట్టును. ఆమె చేయు అన్యాయము నిజమైనది. లక్ష్మి పాత్రలో సావిత్రి ముఖము చూచినవారికి గుండమ్మపై జాలి కలుగుట కష్టము. ఇంత మాత్రము నిజమే.

అయినను, కథ ఆ అన్యాయమును ఎట్లు సరిదిద్దినది? వెంకట్రామయ్య అను ధనికుని ఇద్దరు కుమారులలో ఒకడు నౌకరు అంజిగా ఆ యింట చేరి లక్ష్మిని పెండ్లాడును. రెండవవాడు రాజా సరోజను పెండ్లాడి, తాను పేదవాడనని చెప్పి ఇల్లు విడిపించి తీసికొనిపోయి, కూలిపనికి పెట్టి ఆమె గర్వమణచును. తండ్రికి ఈ సంగతి యెరుకయే. కుమారు లిరువురకును ఎరుకయే. గుండమ్మకు తెలియదు, లక్ష్మికి తెలియదు, సరోజకు తెలియదు. ముగ్గురు పురుషులు ఆడుచున్న నాటకములో ముగ్గురు స్త్రీలు అది నాటకమని తెలియక జీవించుచున్నారు. పురుషులకు పేదరికము వేషము. ఎప్పుడు కావలెనన్న అప్పుడు తీసివేయగలరు. సరోజకు అది అనుభవము. ఆమె కష్టపడినది నిజముగనే. పురుషాధికారమనగా కొట్టుట, తిట్టుట అని మాత్రమే మనమనుకొందుము. ఈ చిత్రములో నాయకులెవ్వరును భార్యను కొట్టలేదు. కథ యేమిటో తమకు తెలిసియుండుట, ఆమెకు తెలియకుండుట, ఆమె ఎప్పుడు తెలిసికొనవలెనో తామే నిశ్చయించుట - అధికారము ఈ రూపమున నున్నప్పుడు అది ఎంతయో మృదువుగా, ఎంతయో మనోహరముగా నుండును. అందువలననే దానిని గుర్తించుట కష్టము.

ఈ చిత్రమునకు ఆరు సంవత్సరములకు ముందు, 1956లో, హిందూ వారసత్వ శాసనము వచ్చినది. అంతకు ముందు 1937నాటి శాసనము వితంతువునకు భర్త ఆస్తిలో జీవితకాలపు పరిమిత హక్కును మాత్రమే ఇచ్చియుండెను. 1956 శాసనము 14వ విభాగము ఆ పరిమితిని తొలగించి, స్త్రీ స్వాధీనమున నున్న ఆస్తికి ఆమెనే సంపూర్ణ యజమానురాలిని చేసెను. ఈ శాసనమును చూచి గుండమ్మను సృష్టించిరని నేననను. ఐనను చట్టము వితంతువు చేతికి తాళపుచెవులను శాశ్వతముగా ఇచ్చిన దశాబ్దములోనే, తాళపుచెవులు గల వితంతువు మన తెరపై అందరును నవ్వదగిన గయ్యాళియై వెలసెను. ఆ నవ్వులో కొంత బెదురు లేదని చెప్పగలమా? సూర్యకాంతము అద్భుత నటి. ఆమె నటన యెంత సహజమనగా, ఆడపిల్లలకు ఆ పేరు పెట్టుటకే తెలుగువారు వెనుదీసిరని చెప్పుకొందురు. గయ్యాళి అను నింద నిజముగ ఎవరికి ఉపయోగపడినదో పరిశోధింపవలసిన విషయము.

భాషాధ్యయనము చేయువారికి ఇచ్చట ఒక మాట. మన చిత్రములలో భార్యాభర్తల సంబోధనలను సేకరించి చూడుడు. భర్త 'నువ్వు' అనును. భార్య 'మీరు' అనును, లేదా 'ఏమండీ' అని సంబోధనమే లేకుండ పిలుచును. ప్రేమికులుగ నున్నప్పుడు ఇరువురును 'మీరు' అనుకొనుట గాని, ఇరువురును 'నువ్వు' అనుకొనుట గాని కలదు. మంగళసూత్రము పడిన మరుసటి దృశ్యముననే ఆ సమత చెదరిపోవును. సంభాషణా రచయితలు దీనిని సంకల్పించి చేసినది కాదు. చెవికి అట్లు లేనిచో అసహజమనిపించును. వ్యాకరణము సమాజమును ఇంత నిశ్శబ్దముగా మోయుచున్నది.

1960 తరువాతి దశాబ్దములో వారపత్రికలును మాసపత్రికలును స్త్రీల రచనలతో నిండినవి. ఆ నవలలు తెరకెక్కినవి. కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణము' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' అయినది. ఆమె 'ప్రేమనగర్' 1971లో వచ్చినది. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' 1976లో చిత్రమైనది. విమర్శకులు ఈ నవలలను పగటికలలని తేలికగా త్రోసివేసిరి. నేను విద్యార్థిగ నున్నప్పుడు అట్లే చేసితిని. నేడు ఆ తీర్పును సవరించుకొనుచున్నాను. 'ప్రేమనగర్' నాయిక లత ఉద్యోగిని. తనపై అపవాదు పడినప్పుడు ప్రేమించినవానిని గూడ విడిచి ఆత్మాభిమానముతో తొలగిపోవును. విడిచిపోగల శక్తి ఆమెకు ఉద్యోగము వలన వచ్చినది. ఆ ఘట్టమును చదివి సంతోషించిన లక్షలాది పాఠకురాండ్రు కలలు గనుచున్నారని చెప్పుట తేలిక. ఏ సంగతిని గూర్చి కలలు గనుచున్నారో చూచుట విమర్శకుని పని. అయితే ఈ కథలయందు ఉద్యోగమిచ్చు యజమానియే చివరకు భర్త యగుట కూడ మామూలు. కచేరి మెల్లగా ఇల్లయిపోవును. మేరీకి తండ్రి రూపమున వచ్చిన యజమాని, సెక్రటరీకి ప్రియుని రూపమున వచ్చినాడు. జీతము రెండు చోట్లను ఒకే విధముగా అదృశ్యమైనది.

జీతము అదృశ్యము కాని చిత్రము 1976లో వచ్చిన 'అంతులేని కథ'. కె. బాలచందర్ అంతకు రెండు సంవత్సరముల ముందు తమిళములో తీసిన చిత్రమునకు ఇది తెలుగు రూపము. సరిత అను ఉద్యోగిని పాత్ర జయప్రదది. తండ్రి సంసారమును విడిచి పోయినాడు, అన్న తాగుబోతు. ఇంటిలో వితంతువైన చెల్లెలు, వదిన, పిల్లలు. అందరి తిండియు ఆమె జీతమునుండియే. ఆమె మాట కరకు. ఆ కరకుదనమును దర్శకుడు దోషముగ చూపక, బరువు మోయువాని మెడనరములు బిగియుట ఎంత సహజమో అంత సహజముగా చూపెను. సరితకు పెండ్లి కుదురును, తప్పిపోవును. ఆమె మరల బస్సెక్కి పనికి పోవును. ఇచ్చట ఉద్యోగము మిగిలినది. స్వాతంత్ర్యము మిగిలినదా? జీతమామెది, దాని ఖర్చు కుటుంబమునది. సంపాదించు అధికారమున్నది గాని ఆగిపోవు అధికారము లేదు. పురుషుడు సన్న్యసించి పోవచ్చును, త్రాగి పడియుండవచ్చును. ఆమె మాత్రము మరునాడు ఉదయము కచేరీకి పోవలెను. పురుషాధికారము పురుషుడు ఇంట లేనప్పుడును పనిచేయగలదని ఇంత స్పష్టముగా చూపిన తెలుగు చిత్రము మరియొకటి నాకు జ్ఞప్తికి రాదు.

1985వ సంవత్సరము మన విషయమున రెండు కారణములచే గుర్తుంచుకొనదగినది. టి. కృష్ణ 'ప్రతిఘటన' ఆ యేడు వచ్చినది. కళాశాలలో ఉపన్యాసకురాలైన ఝాన్సీ కంటియెదుట జరిగిన హత్యకు సాక్ష్యము చెప్పుటకు పూనుకొనును. దాని ఫలముగా నడివీధిలో అవమానింపబడును. భర్త పిరికివాడు, న్యాయము చేతగానిది, శిష్యులు హేళన చేయువారు. చివరకు ఆమె గొడ్డలి పట్టి దుష్టుని సంహరించును. విజయశాంతి ఈ పాత్రతో పొందిన ప్రతిష్ఠ 1990లో 'కర్తవ్యము'నకు జాతీయ ఉత్తమ నటి బహుమానము వరకు సాగినది. అదే 1985 సెప్టెంబరు 5 నుండి అమలునకు వచ్చునట్లు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము హిందూ వారసత్వ శాసనమును సవరించి, కూతురునకు కొడుకుతో సమానముగా పిత్రార్జిత సమష్టి ఆస్తిలో పుట్టుకతోనే హక్కు నిచ్చెను. నాటి ముఖ్యమంత్రి ఎన్. టి. రామారావు, ముప్పది యేండ్ల క్రిందట తెరపై మేరీకి భర్తగా నటించిన ఎం. టి. రావు ఆయనయే. కేంద్ర శాసనము ఇదే మార్గమునకు వచ్చుటకు 2005 వరకు పట్టినది.

ఈ సవరణలో ఒక షరతు గలదు. అది అమలునకు రాక మునుపే వివాహమైన కూతుండ్రకు ఆ హక్కు లేదు. పెండ్లియైనదనగా ఆమె కథ ముగిసినదని శాసనకర్తలును భావించిరన్నమాట. శుభము కార్డు పడిన తరువాత నాయికకు ఏమి మిగులునో మన చిత్రములు చెప్పవు. ఈ చట్టమును అచ్చటనే ఆగిపోయినది. చట్టము సినిమాను చూచి నేర్చినది కాదు, సినిమా చట్టమును చూచి నేర్చినది కాదు. ఇరువురును ఒకే ఇంటిలో పెరిగిరి.

తెర వెనుకకు పోయినచో చెప్పవలసినది తక్కువ కాదు గాని ఒకటి రెండు విషయములతో సరిపెట్టెదను. 'మిస్సమ్మ'లో మేరీ పాత్రకు మొదట ఎన్నికయైనది భానుమతి. కొంత చిత్రీకరణ జరిగిన పిమ్మట నిర్మాతలతో వచ్చిన అభిప్రాయభేదము వలన ఆమె తొలగుట, సావిత్రి చేరుట జరిగినవి. భానుమతికి దానివలన నష్టము కలుగలేదు. ఆమెకు భరణీ అను సొంత సంస్థ యున్నది. 1953లోనే 'చండీరాణి'ని మూడు భాషలలో తానే దర్శకత్వము వహించి తీసియున్నది. పాడుటకు తన గొంతు, వ్రాయుటకు తన కలము ఉన్న నటి. ఆమె నాయిక పాత్రలకంటె ఆమె జీవితమే స్వాతంత్ర్యమునకు మంచి ఉదాహరణము. సావిత్రి 1968లో 'చిన్నారి పాపలు'కు దర్శకత్వము వహించినది, సంగీతము పి. లీలది. విజయనిర్మల 1973లో 'మీనా'తో మొదలుపెట్టి నలుబదికి పైగా చిత్రములను నడపినది. ఇంతటి ఆరంభమున్నను తరువాతి కాలమున దర్శకురాండ్ర సంఖ్య పెరగలేదు. 2011లో నందినీరెడ్డి 'అలా మొదలైంది' తీసినప్పుడు పత్రికలు దానిని వింతగా వ్రాసినవి. మొదటి దర్శకురాలు వచ్చి యేబదియెనిమిది యేండ్లయిన పిమ్మట కూడ వింత తీరలేదు.

గొంతు సంగతి చెప్పితిని గనుక ఒకటి చేర్చెదను. సావిత్రి, జమున, భానుమతి తమ మాటలను తామే పలికిరి. 1990 తరువాత నాయికలు ఎక్కువగా తెలుగు రానివారు. వారి పెదవుల కదలికకు వేరొక స్త్రీ తెలుగు నిచ్చును. నాయకుని గొంతు మాత్రము నాయకునిదే. ముఖమొకరిది, మాట యొకరిది యైన పాత్రనుండి గట్టి సంభాషణము రాకపోవుటలో ఆశ్చర్యమేమున్నది?

ఇంతవరకు చెప్పిన నాయికలందరిలో సామాన్యమైనది ఒంటరితనము. కమల ఒంటరిగా వాదించినది, సరిత ఒంటరిగా మోసినది, ఝాన్సీ ఒంటరిగా గొడ్డలి ఎత్తినది. సమాజములో జరిగినది వేరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. వారిని కదిలించినది వయోజన విద్యా వాచకములోని ఒక పాఠము, ఊరి స్త్రీలు కలిసి సారాను ఎదిరించిన కథ. చదువను వ్రాయను అప్పుడే నేర్చుకొనుచున్నవారు ఆ కథను చదివి, ఇట్లు మనమును చేయవచ్చును గదా అనుకొనిరి. ఉద్యమము జిల్లాలు దాటినది; 1993 అక్టోబరులో సారా నిషేధము, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినవి. మద్యనిషేధము 1997లో సడలింపబడినది, అది వేరు కథ. మన ప్రస్తుతమునకు కావలసినది ఇది: ఒక కథ, ప్రభుత్వము అచ్చువేసిన నాసిరకపు వాచకములోని నాలుగు పుటల కథ, స్త్రీలకు తాము చేయవలసిన పనిని ముందుగ తెలియజేసినది. కథ తెలిసినవారు స్త్రీలు. తెలియనివారు సారా కాంట్రాక్టరులు.

పరిశోధక విద్యార్థులకు ఒక పనిని సూచించెదను. చిత్రములు నేడు ఎచ్చటనైనను చూడవచ్చును గాని, ఒకప్పుడు ప్రదర్శనశాలల వాకిట అణా రెండణాలకు అమ్మిన పాటల పుస్తకములు వేగముగా నశించుచున్నవి. వానిలో పాటలతోపాటు కథా సంగ్రహము గూడ నుండెడిది. కథ సగము వరకు చెప్పి, నాయిక చిక్కులో పడిన చోట ఆపి, మిగతా కథను వెండితెరపై చూడుడని ముగించెడివారు. ఎన్నో పల్లెలలో స్త్రీలకు ఆటకు పోవు వీలు లేదు; భర్తయో, అన్నయో పట్టణము పోయి వచ్చునప్పుడు తెచ్చిన ఆ పుస్తకమే వారికి దక్కిన చిత్రము. మా అమ్మ పెట్టెలో అట్టివి పదునేడు దొరకినవి. కొన్నిటి చివరి పుటలో, అచ్చు ముగిసిన ఖాళీలో, పెన్సిలుతో ఆమె తనకు తోచిన ముగింపును వ్రాసికొనియున్నది. 'మిస్సమ్మ' పుస్తకము చివర వ్రాసినది రెండు పంక్తులు. వానిలో పెండ్లి ప్రసక్తి లేదు. మేరీ అప్పు తీర్చివేసినదని యున్నది.